మంచు చూరు మీద ఐలర్ట్

మే నెల మొదటి శనివారం మేం నలుగురం రీపెహోర్న్ కొండ ఎక్కుతాం. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. మధ్యలో ఒక్కసారి నేను తప్పాను, అది మా అమ్మాయి ఓస్నె నా కడుపులో ఉన్న ఏడు.

నలుగురిలో పెద్దవాడు ఐలర్ట్. యాభై ఎనిమిదేళ్లు. మా ఊరు హామ్రవిక్ నుంచి పట్నానికి పొద్దున ఆరూ నలభైకి కదిలే బస్సు అతనే నడిపేవాడు. తోరిల్ అతని భార్య. మాగ్నర్ వడ్రంగి, లావుపాటి మనిషి, నిద్రలో తప్ప నోరు మూయడు. నా పేరు సున్నివా, సాల్మన్ చేపలు శుభ్రం చేసి పెట్టెలకెత్తే కర్మాగారంలో షిఫ్టు చూసుకుంటాను.

బూట్లకి బిగించుకునే పొడుగాటి జారుడు పలకలతో, స్కీలతో, మంచుకొండ ఎక్కడం, దిగడం నాకు నేర్పింది ఐలర్టే. ఏ మంచు మనిషిని మోస్తుంది, ఏ మంచు జారుతుంది, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి, అన్నీ అతను చెబితే తెలిసినవే. మొదటి రోజే ఒక మాట అన్నాడు. “కొండ మీద ఎవరైనా ‘కూర్చో’ అని అరిస్తే కూర్చోవాలి. ఎందుకని అడగడం తర్వాత.” అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. నవ్వాను. అతను నవ్వలేదు.

రెండేళ్ల కిందట తోరిల్ వృద్ధాశ్రమంలో ఉద్యోగం మానేసింది. అప్పటి నుంచి రోజూ మొగుడి బస్సులోనే ముందు సీట్లో కూర్చుని పట్నం వెళ్లేది. నడుం నొప్పికి ఈత మంచిదని డాక్టరు చెప్పాడంది. పొద్దుటి బస్సులో వెళ్లి మధ్యాహ్నం బస్సులో వచ్చేది. ఈ వయసులో ఇంత ప్రేమేమిటని ఊళ్లో అందరం నవ్వుకున్నాం. కొండ మీద కూడా అంతే. మునుపు ఎప్పుడూ ఐలర్ట్ ముందుండి దారి తీసేవాడు. ఈ రెండేళ్లుగా తోరిల్ ముందు, అతను వెనక. కళ్లు జిగేల్మనే నారింజరంగు కోటు ఒకటి కొనుక్కుంది. ఆమె స్కీలు గీసిన చాళ్లలోనే అతని స్కీలు నడిచేవి. “మోకాళ్లు పాతబడ్డాయి, ఇక మీరు తియ్యండి దారి,” అనేవాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి మోకాళ్లు పాతబడ్డాయంటే నమ్మక ఏం చేస్తాం?

ఆ శనివారం నాలుగున్నరకే పొలాల రోడ్డు చివర కార్లు ఆపాం. అప్పటికే వెలుగొచ్చేసింది. రాత్రి గడ్డకట్టేంత చలి పడింది, కాబట్టి మంచు పైపొర రాయిలా ఉంటుంది, పైకి నడవడం సులువు. కానీ పదకొండు దాటితే ఎండకి ఆ పొర కరిగి, కింద పల్లంలో తడిమంచు జారడం మొదలుపెడుతుంది. పది గంటలకల్లా శిఖరం, పన్నెండుకల్లా మళ్లీ చెట్ల దగ్గర. మా లెక్క అది.

బర్చ్ చెట్ల మధ్య ఇంకా నేల కనిపిస్తోంది. స్కీలు సంచులకి కట్టుకుని ఎక్కాం. మంచు మొదలైన చోట స్కీల అడుగున జారనివ్వని నూగు పట్టీలు అంటించుకుని, ఒకరి వెనక ఒకరం వరసలో పడ్డాం. ముందు నారింజరంగు కోటు, వెనక ఐలర్ట్, తర్వాత నేను, చివర మాగ్నర్.

“ఒరే ఐలర్ట్,” అని అరిచాడు మాగ్నర్ వెనక నుంచి. “ఇంట్లో మీ ఆవిడ వెనకే, బస్సులో మీ ఆవిడ వెనకే, కొండ మీదా అంతేనా? ఆ కోటుకి ఓ తాడు కట్టుకోరాదూ?”

“బస్సులో ఆవిడ నా వెనకే కూర్చుంటుందిరా,” అన్నాడు ఐలర్ట్ తల తిప్పకుండా.

“ముందు సీట్లో కదా!”

“ముందు సీటైనా నా వెనకే. నువ్వు బస్సెక్కి ఎన్నేళ్లయింది? సీట్లో పడతావా అసలు?”

తోరిల్ నవ్వలేదు. ఒకసారి ఆగి వెనక్కి చూసి, “మాట్లాడుతూ ఎక్కితే ఆయాసం. నడవండి,” అంది.

ఆరున్నరకి ఒక బండ చాటున ఆగి తిన్నాం. పల్చటి రొట్టె, గోధుమరంగు మేకజున్ను, నారింజలు, ఫ్లాస్కులో కాఫీ. కింద కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, మా ఫ్యోర్డు, నీళ్లు కదలకుండా ఉన్నాయి. మా కర్మాగారం తెల్లటి రేకు కప్పు కనిపిస్తోంది. మధ్యాహ్నం దాకా ఆకాశం నిర్మలమని వాతావరణం వాళ్లు చెప్పారు. ఐలర్ట్ మాత్రం సముద్రం వైపు మొహం తిప్పి ముక్కుతో గాలి పీల్చి, “తడి వాసన వస్తోంది,” అన్నాడు.

“నీకు ఎప్పుడూ వస్తుంది,” అన్నాడు మాగ్నర్.

శిఖరానికి చేరేసరికి పది కావడానికి ఐదు నిమిషాలుంది. రీపెహోర్న్ తల పొడవుగా, ఒక ఇంటి కప్పులా ఉంటుంది. మేం ఎక్కి వచ్చే దక్షిణం వైపు వాలు నెమ్మదైనది. ఉత్తరం వైపు ఆరువందల మీటర్ల నిలువు కొండచరియ. చలికాలమంతా గాలి మంచుని అటు తోసి తోసి, కొండరాయి అంచు దాటాక కూడా ఇంకో పది గజాలు శూన్యంలోకి చూరులా పేర్చిపెడుతుంది. పైనుంచి చూస్తే అదీ కొండే అనిపిస్తుంది. కింద ఏమీ ఉండదు. అందుకని అంచుకి ఇరవై గజాల ఇవతలే ఉండాలని మా నియమం. అదీ ఐలర్ట్ పెట్టిందే.

శిఖరం మీద రాళ్ల గుట్ట దగ్గర చేతులు కలుపుకున్నాం. నూగు పట్టీలు ఊడదీసి సంచుల్లో పెట్టుకున్నాం. దిగడానికి బూట్లు బిగించుకుంటుంటే టక్కుమని చప్పుడైంది. తోరిల్ ఎడమ స్కీ మీద మడమని పట్టి ఉంచే బిగింపు విరిగింది. లోపలి ఇనప కమ్మీ తెగి చేతిలోకి ఊడి వచ్చింది.

మాగ్నర్ మోకాళ్ల మీద కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇది బాగుపడేది కాదు. పట్టీలతో బూటుని స్కీకి కట్టేస్తాను. మెల్లగా అడ్డంగా జారుకుంటూ దిగొచ్చు. వంపులు తిప్పడం మాత్రం మర్చిపో.”

“సరే, కట్టు,” అంది తోరిల్. “కానీ అందరం కలిసే దిగుదాం.”

“కలిసే దిగుతాంలేవే. ఐలర్ట్ ముందు వెళ్లి గిన్నె దగ్గర ఆగుతాడు, నేను నీతో ఉంటా.” గిన్నె అంటే శిఖరం కింద పల్లం, మేం ఎప్పుడూ ఆగే చోటు.

“ఆయన ముందు వెళ్లడు,” అంది తోరిల్.

ఆ గొంతుకి నేను తలెత్తాను. ఆమె మొహం తెల్లబడి ఉంది. స్కీ విరిగితే ఎవరికైనా చిరాకేస్తుంది, భయం ఎందుకు?

అప్పుడే మబ్బు వచ్చింది. సముద్రం వైపు నుంచి, ఐలర్ట్ చెప్పినట్టే. ఐదు నిమిషాల్లో ఫ్యోర్డు పోయింది, ఎదుటి కొండలు పోయాయి. నలభై గజాల దాకా మసగ్గా కనిపిస్తోంది, అంతే. పైనా కిందా ఒకటే తెలుపు. నేల ఎక్కడ ఆగి గాలి ఎక్కడ మొదలవుతుందో కళ్లు చికిలించి చూస్తే గానీ తెలియదు.

మాగ్నర్ ఇంకా పట్టీలు కడుతున్నాడు. ఒకటి తెగింది, ఇంకొకటి వెతుకుతున్నాడు. పదింపావు అయింది. పదిన్నర అయింది. ఐలర్ట్ స్కీలు తొడుక్కుని నిలబడి ఉన్నాడు.

“కింద మంచు మెత్తబడుతోంది,” అన్నాడు. “మబ్బున్నా వేడి ఉంటుంది. ఇక్కడ నలుగురం నిలబడి లాభం లేదు. నేను గిన్నె దాకా వెళ్లి మంచు ఎలా ఉందో చూస్తా.”

“ఐలర్ట్, వద్దు,” అంది తోరిల్.

“ఇరవై రెండేళ్లుగా దిగుతున్న కొండే.”

“నే చెబుతున్నాగా, వద్దు!”

మాగ్నర్ పైకి చూసి నవ్వాడు. “వెళ్లనివ్వవే వాణ్ని. ఒక్క పదినిమిషాలు విడాకులిస్తే ఏం పోయింది?”

ఆ మాట అనకుండా ఉంటే ఐలర్ట్ ఆగేవాడేమో. అతని చెవులు ఎర్రబడ్డాయి. చేతుల్లోని స్కీ కర్రలు మంచులో పొడిచి కదిలాడు.

పది గజాలు సరిగ్గానే వెళ్లాడు. తర్వాత ఎడమకి తిరిగాడు. దక్షిణానికి కాదు, ఉత్తరానికి. ముందు అంచు దగ్గరికి వెళ్లి కిందకి చూసి వస్తాడనుకున్నాను. అతను వేగం తగ్గించలేదు. ఇరవై గజాల నియమం పెట్టిన మనిషి ఆ ఇరవై గజాలూ దాటేస్తున్నాడు.

“ఐలర్ట్!” అని తోరిల్ కేక పెట్టింది. ఒక కాలికే స్కీ ఉంది, లేవబోయి పడిపోయింది.

నేను కదిలాను. ఏం ఆలోచించానో గుర్తులేదు. అతని వెనక జారుతూ, గొంతు చిరిగేలా, “ఆగు! కూర్చో! కూర్చో!” అని అరిచాను.

కూర్చున్నాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే పక్కకి కూలబడ్డాడు. ఎందుకని అడగలేదు.

పదిహేను గజాల ఇవతల నేను ఆగాను. నాకూ అతనికీ మధ్య మంచు మీద ఒక గీత ఉంది. కత్తితో గీసినట్టు సన్నగా, నీలంగా, అంచు పొడుగునా. చూరు కొండని వదలడం మొదలైన చోట అలా పగులు వస్తుంది. ఐలర్ట్ ఆ గీతకి అవతల ఉన్నాడు. అతనికి ఆరడుగుల దూరంలో మంచు అయిపోయింది.

“ఏమైంది?” అన్నాడు.

“నువ్వు చూరు మీద ఉన్నావు. కదలకు.”

అతను ఎడమ పక్కకి చూశాడు, కుడి పక్కకి చూశాడు. ఆ తెల్లటి అంచుని నేరుగా చూశాడు. చూసి, “ఏ వైపు?” అని అడిగాడు.

అప్పుడు నాకు అర్థమైంది. అతని మోకాళ్లకి ఏ జబ్బూ లేదు.

“స్కీలు విప్పెయ్యి,” అన్నాను. “మెల్లగా. బోర్లా పడుకో. నా గొంతు వినిపిస్తోందా? దాని వైపు పాకు.”

స్కీలు విప్పాడు. ఒకటి చెయ్యి జారి, చప్పుడు లేకుండా అంచు దాటి వెళ్లిపోయింది. అది కింద తగిలిన చప్పుడు కోసం ఇద్దరం ఎదురుచూశాం. రాలేదు. బోర్లా పడుకుని పాకడం మొదలుపెట్టాడు.

“ఇంకా కుడికి. అలా కాదు, నీ కుడి. ఆ, అంతే. ఇప్పుడు తిన్నగా. నీ చెయ్యి కింద ఒక గీత తగులుతుంది, దాని మీద బరువు పెట్టకు. ముందుకి చాపు చెయ్యి.”

మాగ్నర్ నా వెనక వచ్చి నా సంచి పట్టీలు రెండు చేతుల్తో పట్టుకున్నాడు. అంత మాటకారి ఒక్క మాట మాట్లాడలేదు. నేను కర్ర చాపాను. ఐలర్ట్ తడిమి తడిమి దాని కొస పట్టుకున్నాడు. ఇద్దరం లాగాం. గీత మీదుగా అతని పొట్ట, తొడలు, బూట్లు ఒక్కొక్కటే దాటాయి. ఇంకో ఇరవై గజాలు మేం అలాగే పాకాం, లేవాలని ఎవరికీ అనిపించలేదు.

చూరు విరగలేదు. సాయంత్రం ఇంటి దగ్గర నుంచి దూరదర్శిని పెట్టి చూశాను, అలాగే ఉంది. ఆ తర్వాత వారానికి గానీ పడలేదు.

రాళ్ల గుట్ట దగ్గర తోరిల్ అతని మొహం మీది మంచు చేత్తో తుడిచింది. చెంప మీద ఒక్కటి వేసింది కూడా. తర్వాత మా వైపు తిరిగి చెప్పేసింది. కళ్లకి నీటికాసులు. రెండేళ్ల కిందట పట్నంలో ఒక కంటి డాక్టరు చూసి చెప్పాడట. అది చూపుని అంచుల నుంచి తినేసుకుంటూ వస్తుందని, పోయింది రాదని, బస్సు మానెయ్యమని. ఐలర్ట్ మళ్లీ ఆ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు.

“నడిమధ్యలో బాగానే కనిపిస్తుంది,” అన్నాడు ఐలర్ట్. “పక్కలే పోయాయి. ఇలా అంతా తెల్లగా ఉంటే మాత్రం ఏదీ విడిగా తెలీదు. రోడ్డు మీద ఇలా ఉండదు.”

“ఫిబ్రవరిలో మన రోడ్డు మీద ఎలా ఉంటుంది?” అన్నాను.

ఐలర్ట్ చేతి తొడుగు తీసి మళ్లీ తొడుక్కున్నాడు.

“మా ఓస్నె ఆ బస్సులోనే బడికి వెళ్తుంది, ఐలర్ట్.”

“తెలుసు. రెండేళ్లలో బస్సుకి ఒక్క గీత పడలేదు.”

“నేనుంటున్నాగా ముందు సీట్లో,” అంది తోరిల్. “పక్కల నుంచి ఎవరొచ్చినా నేను చెబుతా. ఒక్క రోజు మానలేదు. జ్వరమొచ్చినా మానలేదు.”

ఈత, నడుం నొప్పి, ఈ వయసులో ప్రేమ. మా నవ్వులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది. కానీ కొండ మీద కోపం పనికిరాదు, ముందు దిగాలి.

ఐలర్ట్‌కి ఒక స్కీయే మిగిలింది. తోరిల్ మంచి స్కీ బిగింపు అతని బూటుకి చిన్నది. మాగ్నర్ తోరిల్ విరిగిన స్కీకి పట్టీలు విప్పి, దాన్ని ఐలర్ట్ బూటుకి కట్టాడు. తోరిల్ నడిచి దిగుతానంది. పైన మంచు ఇంకా గట్టిగానే ఉంది కాబట్టి కాళ్లు దిగబడవు. ఆమెకి తోడు మాగ్నర్. ఐలర్ట్ ముందు నేను.

గిన్నె దాకా నేను అరుస్తూ దిగాను. “ఎడమ. ఇంకా ఎడమ. ఇప్పుడు కుడి. మెట్టు ఉంది, మోకాళ్లు వంచు. ఆగు.” ప్రతి మాటా కోపంగానే వచ్చింది, అయినా ప్రతి మాటా సరిగ్గా చెప్పాను. అతను నా వెనక, ఒక కాలు వదులుగా ఉన్నా, నేను చెప్పిన చోట చెప్పినట్టు తిరిగాడు. గిన్నె కింద మబ్బు తెగింది. ఎండలో మంచు పైపొర పంచదార పలుకుల్లా కరిగి ఉంది, అలాంటి మంచు ఏడాదికి నాలుగు రోజులే దొరుకుతుంది. రాళ్ల నీడలు, మంచు మీది చాళ్లు విడివిడిగా కనబడగానే ఐలర్ట్ నన్ను దాటి వెళ్లాడు. బర్చ్ చెట్ల దాకా ఒకటే ఊపు. చెడిపోయిన స్కీ మీద కూడా మా అందరికంటే అందంగా దిగాడు. కింద ఆగి, రొప్పుతూ, నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మాగ్నర్, తోరిల్ వచ్చేసరికి పన్నెండున్నర. చెట్ల దగ్గర కాఫీ పోసుకున్నాం. నేను అప్పటికే అనుకోవాల్సింది అనుకున్నాను.

“సోమవారం బస్సు నువ్వు తీయకూడదు,” అన్నాను. “నీ అంతట నువ్వే కంపెనీకి ఫోన్ చెయ్యి. లేదంటే నేను చేస్తా.”

“సున్నివా,” అన్నాడు మాగ్నర్, “జూన్ మధ్యకి బడులకి సెలవులు. అప్పటిదాకా తోరిల్ ఎలాగూ పక్కనే ఉంటుంది. సెలవుల్లో మర్యాదగా తప్పుకుంటాడు. ఆరువారాలేగా.”

“ఆరువారాలు నీ పిల్లని ఎక్కిస్తావా?”

మాగ్నర్‌కి పిల్లల్లేరు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతను కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు.

“నిన్ను చెల్లెలనుకున్నాను,” అంది తోరిల్. “నువ్వు పురిటికి వెళ్లిన రోజు బండి నడిపింది ఎవరు? మంచు తుఫానులో, దారి మూసేసిన కొండ రోడ్డు మీద?”

“ఐలర్టే. అందుకే అతని చేత చెప్పించాలని చూస్తున్నా.”

ఐలర్ట్ నారింజ వలిచి నాలుగు భాగాలు చేసి అందరికీ ఇచ్చాడు. తోరిల్ తన భాగం తీసుకోలేదు.

శనివారం సాయంత్రం ఫోన్ కోసం చూశాను. ఆదివారం పొద్దున్న చూశాను. మధ్యాహ్నం వాళ్లింటి ముందు నుంచి నడిచి వెళ్లాను, కిటికీ తెరలు వేసి ఉన్నాయి. “సోమవారం నన్ను కార్లో ఎందుకు దింపుతానంటున్నావు?” అని ఓస్నె అడిగింది. కారణం చెప్పలేదు. కానీ ఆ బస్సులో ఇంకో పంతొమ్మిది మంది పిల్లలున్నారు, వాళ్లందర్నీ నా కార్లో దింపలేను. ఆదివారం సాయంత్రం ఐదింటికి బస్సు కంపెనీలో డ్రైవర్ల వేళలు చూసే హెల్గె గారికి ఇంటికి ఫోన్ చేశాను. చెప్పాల్సింది మూడు వాక్యాల్లో చెప్పేశాను.

ఆయన అంతా విన్నారు. తర్వాత, “మీరు చెప్పేది నాకు తెలుసండీ,” అన్నారు. “ఐలర్ట్ నిన్న సాయంత్రమే ఫోన్ చేశాడు. ఇక బస్సు నడపనన్నాడు. రేపటికి వేరే మనిషిని కూడా చూసేశాను.”

ఫోన్ పెట్టేశాక వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను. కొండ దిగిన రోజే, స్నానమైనా చేశాడో లేదో, ఫోన్ చేసేశాడన్నమాట. నాకు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? నేను బెదిరించానని చేశాడని నేననుకోవడం అతనికి ఇష్టం లేదేమో.

నేను ఫోన్ చేసిన సంగతి హెల్గె గారు మంగళవారం ఐలర్ట్‌తో అన్నారట, దురుద్దేశంతో కాదు, మాటల్లో వచ్చింది. బుధవారం తోరిల్ కర్మాగారం గేటు దగ్గరికి వచ్చింది. ఏప్రన్‌తోనే బయటికి వెళ్లాను.

“ఒక్క రోజు ఆగలేకపోయావా?” అంది. “ఇరవై రెండేళ్లు తెలిసిన మనిషి మీద ఒక్క రోజు నమ్మకం పెట్టలేకపోయావా?”

“రెండేళ్లు మీరు నాకు చెప్పలేదుగా,” అన్నాను.

“అది వేరు.”

“ఏం వేరు?”

ఆమె తల అడ్డంగా ఊపి వెళ్లిపోయింది. తప్పు చేశానని నేననుకోలేదు. ఇప్పటికీ అనుకోను. అయినా ఆ వేసవంతా అంగట్లో ఆమె ఒక వరసలో ఉంటే నేను ఇంకో వరసలోకి తిరిగేదాన్ని. ఇద్దరి మధ్య మాగ్నర్ కబుర్లు మోసేవాడు. తోరిల్ మళ్లీ వృద్ధాశ్రమంలో ఉద్యోగానికి చేరింది. ఐలర్ట్ పడవల షెడ్డులో కూర్చుని పాత వలలు బాగుచేస్తున్నాడట, వేళ్లకి కళ్లు అక్కర్లేదంటున్నాడట. కొత్త డ్రైవర్ లూబ్లిన్ నుంచి వచ్చిన ఒక పోలండ్ ఆవిడ. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆగదని ఓస్నె గొణుగుతుంది.

అక్టోబరులో ఒక గురువారం ఐలర్ట్ నడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, “రేపు నీకు డ్యూటీ ఉందా?” అన్నాడు.

“మధ్యాహ్నం షిఫ్టు. మార్చుకోవచ్చు. ఏం?”

“కంటికి ఆపరేషను. ఉన్నదాన్ని నిలబెట్టడానికి, అంతే. తోరిల్‌కి సెలవు దొరకలేదు. తర్వాత ఎవరో ఒకరు తీసుకురావాలంట. మాగ్నర్ని అడిగితే దారంతా వాగుతాడు.”

పొద్దున ఏడింటికి బయల్దేరాం. అరగంట రేడియో విన్నాం. పడవల షెడ్లు దాటి రోడ్డు కొండ చుట్టూ వంపు తిరిగే చోట అతను, “ఇక్కడ నెమ్మదిగా,” అన్నాడు.

నెమ్మదిగానే వెళ్తున్నాను. ఇంకా తగ్గించాను.

“ఫిబ్రవరిలో,” అన్నాడు. “ఆ పదిహేనో పదహారో. మంచు పడుతోంది, అంతా తెల్లగా ఉంది. ఈ వంపు తిరిగి తిన్నగా అయ్యాక అద్దంలో చూశాను. రోడ్డు అంచున ఒక పాప, చిన్న మంచుబండి తోసుకుంటూ వెళ్తోంది. నేను ఆ పక్క నుంచే వచ్చాను. చూడలేదు. అద్దంలో చూశాకే తెలిసింది, ఒక మనిషిని దాటానని. ఎంత దూరంలో దాటానో తెలీదు.”

“ఎవరి పాప?”

“తెలీదు. ఎర్ర టోపీ. మంచు దులుపుకుంటోంది. బస్సు ఎగజిమ్మిన మంచు.”

వంపు దాటాక అన్నాడు. “ఆ రోజే మానెయ్యాల్సింది. మూడు నెలలు నడిపాను. శనివారం నేను ఫోన్ చేసింది నువ్వు అన్నావని కాదు. కొండ మీద ‘కూర్చో’ అని నువ్వు అరిచాక, ఎటు చూసినా అంచు కనబడకపోతే, ఆ పాప గుర్తొచ్చింది.”

నేను రోడ్డు చూస్తున్నాను.

“తోరిల్‌కి ఇది తెలీదు,” అన్నాడు. “చెప్పకు. ఆ రోజు కూడా తను ముందు సీట్లోనే ఉంది. మెలకువగానే ఉంది, రోడ్డు వైపే చూస్తోంది. తనూ చూడలేదు.”

“చెప్పను,” అన్నాను.

ఆసుపత్రిలో రెండు గంటలు కూర్చున్నాను. కంటి మీద తెల్లటి మూతతో బయటికొచ్చి, ఆకలేస్తోందన్నాడు. పెట్రోలు బంకు దగ్గర ఆగి, పల్చటి బంగాళదుంప రొట్టెలో చుట్టిన సాసేజీలు తిన్నాం. గడ్డానికి ఆవాల సాసు అంటితే చెప్పాను, తుడుచుకున్నాడు. ఇంటి దగ్గర దింపేసరికి తోరిల్ డ్యూటీ నుంచి వచ్చి వాకిట్లో నిలబడి ఉంది. అతను దిగడానికి చెయ్యి అందించింది. నా వైపు చూసి, “కాఫీ పెట్టాను, తాగి వెళ్లు,” అంది.

ఇంజను ఆపి లోపలికి వెళ్లాను.